అయిదో అమ్మ గడి

మంగళవారం పొద్దున్న నేను దుబాయ్ అల్ కుసైస్‌లో మా టైపింగ్ సెంటర్ షట్టరు ఎత్తుతుండగా మా మేనత్త పోయిందని ఫోనొచ్చింది. ఫోను చేసింది తొంభై ఏళ్ళు దాటిన ఒక ఇంగ్లీషావిడ. జుమేరాలో ఆవిడ ఇంట్లోనే ఉంటూ మా అత్త ఆరేళ్ళు నర్సుగా ఆవిడని చూసుకుంది. అత్త ఆవిడని మేడమ్ అనేది కాబట్టి నాకూ మేడమే. "మీ అత్త నిద్రలోనే వెళ్ళిపోయింది," అందావిడ ఇంగ్లీషులో, వార్తలు చదివినంత నిదానంగా. "నిజానికి వెళ్ళాల్సిన వంతు నాది. ఆవిడ లైను తప్పి ముందుకెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. నువ్వు రా."

నా మొదటి ఆలోచన దుఃఖం కాదు. ఈ శనివారం తిట్లు లేవు, అన్నదే మొదటి ఆలోచన. ఇక ఏ శనివారమూ లేవు, అన్నది రెండోది. ఆ రెండింటికీ మధ్య షట్టరు సగంలో ఆగిపోయింది. వెనకనించి మా ముదీర్, అంటే మలయాళీ మేనేజరు, "యల్లా, ఎత్తు" అని కసిరి, నా మొహం చూసి తనే ఎత్తేశాడు.

మధ్యాహ్నానికల్లా మా సంఘం వాట్సాప్ గ్రూపులో గులాబీల మధ్య అత్త ఫోటో తయారైంది. చిరునవ్వుల సిస్టరమ్మ అని ఒకరు, మృదుభాషిణి అని ఇంకొకరు, ఎవరినీ పల్లెత్తు మాట అనని తల్లి అని మూడోవారు. ఈ మూడో ఆయన్ని అత్త ఒకసారి క్రిస్మస్ భోజనాల దగ్గర లైనులో జొరబడ్డాడని చెయ్యి పట్టి బయటికి లాగింది. పాఠకులు మన్నించాలి, చనిపోయినవాళ్ళ గురించి అబద్ధాలు రాయడం అత్తకి పరమ అసహ్యం. కనక నేను నిజం రాస్తున్నాను. ఈ నాలుగేళ్ళలో ఆవిడ నా ఎదుట రెండుసార్లు నవ్వింది. ఒకటి, నేను మెట్రోలో నిద్రపోయి చివరి స్టేషనుకి చేరిన కథ విన్నప్పుడు. రెండోది తర్వాత చెబుతాను.

మా శత్రుత్వం ఆవిడే మొదలుపెట్టింది. కరోనా తగ్గినా, నేను పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో బీకాం డిగ్రీని గుండెల మీద పెట్టుకుని మంచమ్మీద పడుకునుండేవాణ్ణి. అత్త దుబాయ్ నుంచి మా నాన్నకి ఫోను చేసి, "వాణ్ణి పంపరా తమ్ముడూ. మంచం కోళ్ళు అరిగిపోతున్నాయి," అంది. అలా నేను ఇంటర్నేషనల్ సిటీలో ఆరుగురు బ్యాచిలర్లున్న గదిలోకీ, వారానికి ఆరు రోజులు వీసా ఫారాలు నింపే కుర్చీలోకీ వచ్చి పడ్డాను. ఉన్న ఒక్క సెలవు శనివారం. అదీ ఆవిడే లాక్కుంది. రెండు బస్సులు మారి జుమేరా వెళ్ళేసరికి గుమ్మంలోనే, "వచ్చారా బీకాం గారూ? సూర్యుడు మీకంటే ముందొచ్చి కూర్చున్నాడు," అనేది. నా పేరు పెట్టి పిలిచినట్టు నాకు గుర్తులేదు.

శనివారాల పని ఏమిటంటే, మేడమ్ గారి అమ్మల్ని వెతకడం.

మేడమ్ తండ్రి వైపు వంశానికి తోలు అట్టతో ఒక పుస్తకం ఉంది. అందులో పదిహేను తరాల మగవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. తల్లి వైపు సంగతి అడిగితే మేడమ్‌కి అమ్మమ్మ దాకానే తెలుసు. ఆ పైన చీకటి. మేడమ్ రోజూ సాయంత్రం భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంటుంది. ఆ ప్రార్థనలో తనని కన్న తల్లి, ఆ తల్లిని కన్న తల్లి, అలా ఏడుగురి పేర్లు పైకి చదివి, వాళ్ళ కోసం దేవుడికి వందనాలు చెప్పాలని ఆవిడ కోరిక. తను పోయేలోపు ఆ ఏడుగురూ తెలియాలి. ఇది ఎవరో పెద్ద చదువుకున్నవాళ్ళకి అప్పగించాల్సిన పని. మేడమ్ మందుల డబ్బా పట్టుకుని నించున్న మా అత్తకి అప్పగించింది. అత్త "యెస్ మేడమ్" అంది. ఆవిడకి ఇంకో జవాబు రాదు. రోగి అడిగితే ఇవ్వడమే.

ఇంగ్లండులో పల్లెటూరి చర్చీల పాత రిజిస్టర్లని ఇప్పుడు ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టారు. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి, ఏది జరిగినా అక్కడి పాస్టరు పెద్ద పుస్తకంలో ఒక లైను రాసేవాడు. మా వైపు పాస్టరుని అయ్యగారంటాం కాబట్టి, రెండొందల ఏళ్ళ కిందటి ఆ తెల్ల పాస్టర్లు కూడా అత్తకి అయ్యగార్లే. వాళ్ళ రాత చూస్తే నాకు చీమలు సిరాలో పడి పాక్కుంటూ పోయినట్టుండేది. అత్త మాత్రం ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని గడగడా చదివేసేది. ముప్ఫయ్యేళ్ళు డాక్టర్ల చీటీలు చదివిన కళ్ళవి.

"ఈ అయ్యగారు నా వార్డులో ఉంటే మొదటి రోజే ఇంటికి పంపేదాన్ని," అనేది. "చూడు, పెళ్ళికొడుకు పనేంటి, చెప్పులు కుట్టడం. రాశాడు. వాడి బాబు పనేంటి, గొర్రెల కాపరి. రాశాడు. పెళ్ళికూతురి బాబు పనీ రాశాడు. పెళ్ళికూతురి పని దగ్గరికొచ్చేసరికి గీత! పొద్దు పొడిచింది మొదలు చాకిరీ చేసే పిల్లకి గీత!" అంటూ కంప్యూటరు తెర మీద వేలితో పొడిచేది. ఇక పెళ్ళికూతురి తల్లి పేరు రాయడానికి ఆ పుస్తకంలో గడే లేదు. మగవాడు పుట్టినప్పుడు ఏ పేరో పోయినప్పుడూ అదే పేరు కాబట్టి వాణ్ణి పట్టుకోవడం తేలిక. ఆడమనిషి పెళ్ళినాడు పుట్టింటి పేరుతో ఆఖరుసారి కనబడి, కింది లైనుకి మాయమైపోతుంది.

"మా సెంటర్లో ఏ ఫారం తీసినా తల్లి పేరు రాయందే కంప్యూటరు ముందుకు కదలదత్తా," అన్నానొకసారి. సోనాపూర్ క్యాంపు నుంచి వచ్చే కూలీని కూడా మేం మొదట అడిగేది మీ అమ్మ పేరేంటని. అత్త కళ్ళజోడు పైకి తోసుకుంది. "అయితే మీ టైపింగ్ సెంటరు ఆ చర్చీల కన్నా నయం," అంది. నా ఉద్యోగం గురించి ఆవిడ నోట వచ్చిన ఒకే ఒక్క మంచి మాట అదే, కనక ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆవిడ పద్ధతులు వార్డులోవే. చదివే లైను కింద స్కేలు పెట్టాలి. వేలు పెడితే వేలి మీద దెబ్బ. "చదివింది రాయి, అనుకున్నది రాయకు," అనేది గంటకోసారి. పెళ్ళి కింద సాక్షుల పేర్లు వదలకూడదు, పెళ్ళికూతురి అక్కచెల్లెళ్ళు అక్కడే దొరుకుతారు. సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టిన ఆడవాళ్ళ ముందు ఒక్క క్షణం ఆగేది. "ఎంత గట్టిగా నొక్కిందో చూడు," అనేది. ఇక పెన్సిలు. డాక్టర్లు పెన్నులు ఎత్తుకుపోతారని ఆసుపత్రిలో మంచానికి వేలాడే చార్టుకి పెన్నుని గాజుగుడ్డ పేలికతో కట్టేదట. ఇక్కడా ఆవిడ నోటుబుక్కుకి ఒక పెన్సిలు గాజుగుడ్డతో వేలాడేది. "ఇక్కడ డాక్టర్లెవరున్నారత్తా?" అంటే, "బీకాంలున్నారుగా," అంది.

ఏడాది తిరిగేసరికి నలుగురు అమ్మలు దొరికారు. నాలుగో ఆవిడ పేరు హన్నా. హన్నా పెళ్ళి లైను దొరికిన శనివారం అత్త మేడమ్‌కి స్నానం చేయించడానికి లోపలికెళ్ళింది. నేనొక్కణ్ణే తెర ముందు ఉన్నాను. హన్నా పెల్, ఈ సంఘపు మనిషి, అని ఉంది. అది ఇంకా పాత పుస్తకం, అందులో తండ్రులకి కూడా గడులు లేవు. పక్క ఊరి చర్చిలో పెల్ వాళ్ళింట్లో పుట్టిన హన్నా ఒకతి దొరికింది. వయసు సరిపోయింది. ఆ పిల్లకి తల్లి దొరికింది, తల్లికి తల్లి, ఆమెకీ తల్లి. అత్తకి ఏడాది పట్టిన పనిని నేను రెండు గంటల్లో ముగించాను. ఏడుగురూ అయిపోయారు, ఖలాస్.

ఇక్కడ పాఠకులు నా కంపు బుద్ధిని గమనించాలి. నేను అత్తకి చెప్పలేదు. చెబితే స్కేలు తెస్తుంది. సెంటర్లో సర్టిఫికెట్లకి వాడే బంగారు అంచు కాగితం మీద కింద మేడమ్ తల్లితో మొదలుపెట్టి పైకి ఏడుగురి పేర్లూ మెలికల అక్షరాలతో కొట్టి, ఫ్రేము కట్టించాను. గదిలో దాన్ని చూసి, జగిత్యాల నుంచి వచ్చి కంపెనీ బస్సు నడిపే మా రూమ్మేటు, "ఏంది రా గిది, పెండ్లి పత్రికనా?" అన్నాడు. "ఏడుగురు ఆడోళ్ళ పేర్లే ఉన్నయి, పెండ్లికొడుకు యాడ?" ఇంగ్లీషువాళ్ళు తల్లుల్ని తలుచుకునే ఆదివారం ఒకటుంది. ఆ ఆదివారం సెలవడిగి వెళ్ళి దాన్ని నేరుగా మేడమ్ చేతుల్లో పెట్టాను. మేడమ్ ఏడ్చింది. గోడకి పెట్టించింది. ఆ సాయంత్రం ఏడు పేర్లూ పైకి చదివి వందనాలు చెప్పింది. అత్త చేతులు కట్టుకుని ఫ్రేము ముందు నించుంది, అంతే. నాకు ఆ పూట చేపల పులుసు పెట్టలేదు. కుళ్ళుకుందనుకున్నాను.

డ్యూటీ మారినప్పుడు ముందు నర్సు రాసింది నమ్మకూడదనీ, పోయి రోగిని చూడాలనీ అత్త నియమం. ఆవిడ నా ఏడు పేర్లలో ఒక్కో లైనూ మళ్ళీ మొదట్నుంచి చూసుకుంటూ వచ్చింది. మూడు నెలలకి హన్నా దగ్గరికి చేరింది. ఆ శనివారం వంటింట్లో చింతపండు పిసుకుతూ పిలిచింది.

"ఏరా బీకాం, ఆ హన్నా పెళ్ళి లైను మొత్తం చదివావా?"

"చదివానత్తా."

"హన్నా పెల్, ఈ సంఘపు మనిషి. తర్వాతేముంది?"

"విధవరాలు అనుంది."

"అంటే చూశావన్నమాట."

"చూశా. అయితే ఏంటి? మొదటి మొగుడు పోయాడు, మళ్ళీ చేసుకుంది. మంచిదేగా."

అత్త చెయ్యి కడుక్కుంది. నెమ్మదిగా తుడుచుకుంది. "మీ మావయ్య పోయి ఎన్నేళ్ళయింది?"

"పద్దెనిమిదేళ్ళు."

"నా పాస్‌పోర్టులో ఇంటిపేరెవరిది?"

మా ఇంటిపేరు చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ వీసా రెన్యువల్ కాగితాలు టైపు చేసింది నేనే. ఆ ఇంటిపేరు ఈ చేతుల్తోనే కొట్టాను. "మావయ్యది," అన్నాను.

"మరి హన్నాది?"

నేను చింతపండు గిన్నెని ఇటునించి అటు జరిపాను.

"పెల్ అన్నది చచ్చిపోయిన మొగుడి పేరురా గాడిదా! పుట్టింటి పేరు ఆ మొదటి పెళ్ళిలో ఉంటుంది. నువ్వు పట్టుకొచ్చింది పెల్ వాళ్ళ కడుపున పుట్టిన ఇంకో హన్నాని. దాని తల్లినీ, అమ్మమ్మనీ, ముత్తవ్వనీ తెచ్చి మేడమ్ గోడకి వేలాడదీశావు. మూడు నెల్లుగా ఆ ముసలావిడ ముక్కూమొహం తెలీనోళ్ళ అమ్మమ్మలకి వందనాలు చెబుతోంది!"

"ఇప్పుడు ఎవరికి తెలుస్తుందత్తా?"

"నాకు తెలుసు. నీకు తెలుసు. రోజూ వింటున్న దేవుడికి మొదటి రోజే తెలుసు. పద, నీ నోటితో నువ్వే చెప్పు."

హాల్లో మేడమ్ కొడుకున్నాడు. అరవై దాటిన మనిషి, ఇక్కడే వ్యాపారం. మేడమ్ తండ్రి వైపు తోలు పుస్తకం ఆయన ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంటుంది. అత్త వీసా ఆయన పేరు మీదే, అంటే కఫీల్ ఆయనే. ఆయన వద్దనుకుంటే అత్త పెట్టె సర్దుకోవాల్సిందే. ఊళ్ళో ఆవిడకి ఇల్లు లేదు, పిల్లలు లేరు. సంగతి విని ఆయన తలుపు దగ్గరకేసి గొంతు తగ్గించాడు.

"ఆవిడకి తొంభై ఏళ్ళు. ఆ ఫ్రేము చూసుకుని సంతోషంగా ఉంది. అలాగే ఉండనివ్వు. నువ్వు ఇప్పుడు లోపలికెళ్ళి ఆవిడని ఏడిపిస్తే, రేపటి నుంచి ఇంకో ఇల్లు చూసుకో."

అత్త ఇంగ్లీషు పొట్టిపొట్టి ముక్కలుగా ఉంటుంది, ఇంజెక్షన్లలా. "సర్, చార్టులో తప్పుంది. తప్పని తెలిశాక అదే మందు ఇవ్వలేను. మీరు వీసా తీసేయండి. ముందు చెప్పొస్తాను."

నేను వీధి తలుపు వైపు అడుగేశాను. ఆవిడ నా భుజం పట్టి లోపలికి తోసింది. నేను చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. 'క్షమించండి' అన్న మాట ఒక్కటే చాలాసార్లు వాడాను. మేడమ్ విని, ఫ్రేము దించమంది. కాగితం బయటికి తీయించి, కత్తెర అడిగి, నాలుగో పేరుకి పైనున్న ఖాళీలో అడ్డంగా కత్తిరించింది. విడిపోయిన మూడు పేర్లనీ పారేయలేదు, బైబిల్లో పెట్టుకుంది. "పాపం, ఈ ముగ్గురి కోసం ఇంకెవరూ ప్రార్థన చేసి ఉండరు," అంది. "మూడు నెలలు వాళ్ళకీ అందింది. నష్టమేం లేదు."

తర్వాత గుమ్మంలో నించున్న కొడుకుని చూసింది. "నీ బీరువాలో పదిహేను మంది తండ్రులున్నారు. వాళ్ళు నిజంగా తండ్రులో కాదో చెప్పాల్సిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ అందులో లేవు. నువ్వు ఈవిడ వీసా జోలికి రాకు."

అత్త నవ్విన రెండోసారి అదే. మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది, కానీ భుజాలు దొరికిపోయాయి.

మర్నాడు అత్త ఒక తెల్లకాగితం మీద స్కేలుతో ఏడు గడులు గీసి గోడకి అంటించింది. నాలుగింట్లో పేర్లు రాసింది. పై మూడూ ఖాళీ. నోటుబుక్కుకున్న పెన్సిలు విప్పి, గాజుగుడ్డతో ఆ కాగితం పక్కనున్న మేకుకి కట్టింది. అయిదో గడికి సరిగ్గా అందేలా.

ఆ తర్వాత రెండేళ్ళు వెతికాం. హన్నా మొదటి పెళ్ళి దొరకలేదు. చుట్టుపక్కల చర్చీలన్నీ చూశాం. ఒక ఊరి రిజిస్టరు తడిసిపోయింది, ఒక ఊరిలో పేజీలు లేవు. ప్రతి శనివారమూ అత్త నన్నే తిట్టింది, పేజీలు నేనే తిన్నట్టు. "ఎవరో ఒక హన్నాని పెట్టేద్దాం అత్తా," అని ఏడిపించేవాణ్ణి. స్కేలు పైకి లేచేది. మేడమ్ కొడుకు అత్తతో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా తల్లితో చెప్పేవాడు, అదీ అత్త పక్కనే నించుని. సాయంత్రం ప్రార్థనలో మేడమ్ నాలుగు పేర్లు చదివి, అయిదో దాని దగ్గర ఊపిరి తీసుకునేంతసేపు ఆగేది. ఆ ఖాళీలో అత్త తల దించుకునే ఉండేది.

అత్త పోయిన రెండోరోజు ఆ కొడుకే మా సెంటరుకొచ్చాడు. వీసా రద్దు కాగితాలు, మనిషిని ఊరికి పంపే కాగితాలు కఫీలే పెట్టాలి. ఆవిడ పాస్‌పోర్టు నా బల్ల మీద పడేశాడు. నేను టైపు చేసుకుంటూ వచ్చాను. పేరు, ఇంటిపేరు, మా మావయ్యది. తల్లి పేరు. చివరి పేజీ తిప్పితే ఎలీశమ్మ అని ఉంది.

మా నాయనమ్మ పేరు చిట్టెమ్మ. ఊరంతా చిట్టెమ్మే. నేను పుట్టిన దగ్గర్నుంచీ విన్నది అదే. ఎవరిదో తప్పు పాస్‌పోర్టు తెచ్చాడనుకుని పైన ఫోటో చూశాను. అత్తే, నన్ను తిట్టబోతున్నట్టు చూస్తోంది. మునుపు రెన్యువల్‌కి ఇదే పేరు నేనే కొట్టాను. కొట్టానే గానీ చదవలేదు. నాన్నకి ఫోను చేశాను.

"నాన్నా, ఎలీశమ్మ ఎవరు?"

"ఎవరేంట్రా, మా అమ్మ! బాప్తిస్మం పేరు. చిట్టెమ్మ ఇంట్లో ముద్దుపేరు."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడడిగావురా?"

"మరి వాళ్ళమ్మ పేరు?"

"అది అక్కకే తెలియాలి," అన్నాడు నాన్న. ఆ వెంటనే ఫోను పెట్టేశాడు.

ఇంగ్లండు అయ్యగార్లని నాలుగేళ్ళు ఎగతాళి చేసిన బీకాం గారు, కీబోర్డు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నారు. ఎదురుగా ఉన్న పెద్దమనిషికి తెలుగు రాదు గానీ ఏదో అర్థమైనట్టుంది. "ఆ గోడ మీద చూసేదాకా మా అమ్మమ్మ పేరు నాకూ తెలీదు," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. వెంటనే వాచీ చూసుకున్నాడు. "త్వరగా కానీ. నా పార్కింగ్ టైం అయిపోతోంది."

అత్త శవపేటిక పాలకొల్లు చేరింది. మా నాన్న దగ్గరుండి సమాధి చేయించాడు. శనివారం నేను అలవాటుగా రెండు బస్సులు మారి జుమేరా వెళ్ళాను, ఆవిడ పెట్టె తెచ్చుకోవడానికి. సూర్యుడు నాకంటే ముందొచ్చి కూర్చున్నాడని చెప్పేవాళ్ళు గుమ్మంలో లేరు. మేడమ్ చక్రాల కుర్చీలో గోడకెదురుగా ఉంది. కొత్త నర్సు, ఇంకా ఇంటిపద్ధతి తెలియని పిల్ల, దూరంగా నించుంది.

"మీ అత్త తల్లి పేరేమిటి?" అని అడిగింది మేడమ్, పలకరింపులేమీ లేకుండా.

"ఎలీశమ్మ," అన్నాను. ఎవరికీ ఫోను చేయకుండా చెప్పాను.

"ఆవిడ తల్లి?"

తెలీదన్నాను. మేడమ్ ఓదార్చలేదు. అత్త దగ్గర నేర్చుకున్నదేమో. గోడకేసి చూసింది, నేనూ చూశాను. నాలుగు పేర్ల పైన మూడు గడులు ఖాళీగానే ఉన్నాయి. గాజుగుడ్డ చివర ఆ పెన్సిలు ఏసీ గాలికి మెల్లగా ఊగుతోంది. ఎవరో దాన్ని కొత్తగా చెక్కారు. ములుకు సన్నగా, నల్లగా, అయిదో గడి ముందుకొచ్చి, కాగితానికి తగలకుండా వెనక్కి పోతోంది.